కుక్కతో మొదటి వ్యాన్ ట్రిప్: కంభం చెరువు దగ్గర నేను చేసిన తప్పు

ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు, చెరువు గట్టు మీద స్లో మోషన్ నడకలు లేవు. ఆ రోజు తీసిన వీడియోల్లో సగం డిలీట్ చేశా. ఎందుకు చేశానో చెప్పడానికే ఇవాళ కూర్చున్నా.

మీలో చాలామంది అడుగుతున్నారు: "అన్నా, కారవాన్‌లో కుక్కని తీసుకెళ్లొచ్చా? ఫస్ట్ టైమ్ వెళ్తున్నాం, ఏమేం పెట్టుకోవాలి?" అని. తీసుకెళ్లొచ్చు. కానీ నేను మొదటిసారి తీసుకెళ్లినట్టు మాత్రం తీసుకెళ్లొద్దు.

మా కుక్క పేరు పలక. మాది మార్కాపురం కదా, పలకల ఊరు. అది కూడా పలకలాగే నల్లగా ఉంటుంది, అందుకని ఆ పేరు. జాతి కుక్కేం కాదు, మా వీధిలో పుట్టిన ఊరకుక్క. పిల్లగా ఉన్నప్పుడు వర్షంలో మా అరుగు కిందకి వచ్చింది, ఇంక పోలేదు. ఇప్పుడు నాలుగేళ్లు, పదిహేను కిలోలు.

కిందటేడు ఫిబ్రవరి చివర్లో మా బావ, నేను ఒక ప్లాన్ వేశాం. కారవాన్ అంటే యూట్యూబ్‌లో చూపించే ఏసీ, బాత్రూమ్ ఉన్న పెద్ద బండి అనుకోకండి. మాది మామూలు వ్యాన్. వెనకాల పరుపు, చిన్న గ్యాస్ స్టవ్వు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్, అంతే. మార్కాపురం నుంచి కంభం, కంభం నుంచి గిద్దలూరు, ఆ రాత్రి అక్కడ పడుకుని, మర్నాడు వెనక్కొచ్చి దోర్నాల మీదుగా శ్రీశైలం. అమ్మకి ఎప్పటినుంచో శ్రీశైలం వెళ్లాలని ఉంది. సరే, అమ్మనీ ఎక్కించుకుందాం, పలకనీ ఎక్కించుకుందాం, ఫ్యామిలీ ట్రిప్ అనుకున్నాం. పేపర్ మీద చాలా బాగుంది.

పొద్దున తొమ్మిదికి బయల్దేరాం. అదే మొదటి తప్పు, దాని సంగతి తర్వాత చెప్తా. కంభం చేరేసరికి పదిన్నర దాటింది. కంభం చెరువు చూడనివాళ్లకి రెండు మాటలు. గుండ్లకమ్మకి అడ్డంగా, రెండు కొండల మధ్య కట్ట వేసి కట్టిన చెరువు అది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్తారు. మనిషి చేత్తో కట్టిన చెరువుల్లో ఆసియాలోనే బాగా పాతవాటిలో ఒకటి. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ వాళ్లు ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు కూడా ఇచ్చారు. మన పక్కనే ఉంది కాబట్టి మనకి అలుసు గానీ, నిజంగా చూడాల్సిన చోటు.

చూశాం, వీడియోలు తీశాం. పదకొండున్నరకి ఆకలైంది. రోడ్డు పక్కన హోటల్‌లో టిఫిన్ అయిపోవస్తోంది, త్వరగా తినొచ్చేద్దాం అనుకున్నాం. హోటల్లోకి కుక్కని రానివ్వరు కదా. వ్యాన్‌ని వేపచెట్టు నీడలో పెట్టి, రెండు వైపులా అద్దాలు రెండు అంగుళాలు దించి, గిన్నెలో నీళ్లు పోసి, "పది నిమిషాల్లో వస్తాం పలకా" అని చెప్పి వెళ్లాం.

పది నిమిషాలు అనుకున్నది పాతిక అయింది. దోసె ఆలస్యమైంది, తర్వాత టీ అన్నాం. తిరిగొచ్చేసరికి నీడ జరిగిపోయింది. బండి సగం ఎండలో ఉంది.

తలుపు తీస్తే పలక లేవలేదు. నాలుక బయటికి వేలాడుతోంది, ముదురు ఎరుపు రంగులో ఉంది. నోట్లోంచి జిగురులాంటి చొంగ. రొప్పుతున్న తీరు మామూలుగా లేదు, ఒళ్లంతా ఊగిపోతోంది. కిందకి దించితే వెనక కాళ్లు మడతపడిపోయాయి. నీళ్ల గిన్నె తిరగబడి ఉంది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాకైతే బుర్ర పనిచేయలేదు. మొదట చేసిన పనేంటో తెలుసా? గూగుల్ ఓపెన్ చేశా.

పక్కన బర్రెల్ని కడుగుతున్న ఒక ముసలామె చూసి పరిగెత్తుకొచ్చింది. "ఏంది నాయనా, నోరులేని దాన్ని పెట్టెలో పెట్టి పోయినారా" అని ఒక్క తిట్టు తిట్టి, చేతిలో ఉన్న బకెట్ నీళ్లు పలక మీద కుమ్మరించింది. ఇంకో బకెట్, ఇంకో బకెట్. పొట్ట కింద, చంకల్లో, పాదాల మీద. "విసురు, అట్టా నిలబడితే ఏం లాభం" అని నా చేతికి అట్టముక్క ఇచ్చింది. పది పన్నెండు నిమిషాల తర్వాత పలక తల ఎత్తింది. అప్పుడు పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. సెలైన్ ఎక్కించారు. ఇంకో పావుగంట ఆలస్యమైతే చేతుల్లోంచి పోయేదే అన్నారు.

బతికింది. ఇప్పుడు నా వెనకాల పడుకుని ఉంది, చూడండి. కానీ ఆ ముసలామె అక్కడ లేకపోతే నేను ఈ ఎపిసోడ్ చేసేవాణ్ణి కాదు.

సరే, ఇప్పుడు అసలు విషయం. "ఊరకుక్క కదా, మన ఎండలకి అలవాటే" అనుకున్నాను నేను. ఎండకి అలవాటు అంటే ఏంటి? వీధిలో ఉన్న కుక్క ఎండెక్కగానే ఏం చేస్తుంది? కాలువ పక్కకి పోతుంది, బండి కిందకి దూరుతుంది, మట్టి తవ్వి చల్లటి చోట పడుకుంటుంది. దాని తెలివే దాని రక్షణ. మనం దాన్ని బండిలో పెట్టి తలుపేశామంటే ఆ తెలివిని లాక్కున్నట్టే.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. వేడి తగ్గించుకోవడానికి దానికున్న ముఖ్యమైన దారి రొప్పడం. నోటి తడి గాలికి ఆరితే ఒళ్లు చల్లబడుతుంది. మూసిన బండిలో గాలి వేడిగా, తేమగా అయిపోతుంది కాబట్టి ఎంత రొప్పినా లాభం ఉండదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అంటే మామూలుకీ ప్రమాదానికీ మధ్య తేడా రెండు డిగ్రీలే.

2005లో అమెరికాలో డాక్టర్లు ఎండలో నిలిపిన కార్ల మీద ఒక పరిశోధన చేశారు. గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే పెరిగింది. అద్దాలు అంగుళంన్నర దించి చూశారు, పెద్ద తేడా రాలేదు. బయట 33 ఉందనుకోండి, అరగంటలో లోపల 50. మన దగ్గర ఏప్రిల్, మే సంగతి వేరే చెప్పాలా?

ఏసీ కారవాన్ అద్దెకి తీసుకునేవాళ్లు "మాకు ఈ బాధ లేదు" అనుకోకండి. ఏసీ కరెంటు మీద నడుస్తుంది. ఊళ్లో కరెంటు పోయినా, బ్యాటరీ దిగిపోయినా, జనరేటర్ ఆగినా, ఆ అందమైన బండి కూడా పెట్టే అవుతుంది. అందుకని రూల్ ఒక్కటే: కుక్కని బండిలో ఒంటరిగా వదలకూడదు. ఒక్కరైనా దాంతో ఉండాలి. తినడానికి వంతులు వేసుకోండి. దర్శనానికి వంతులు వేసుకోండి. వంతులకి మనిషి లేడంటే, అంటే సోలో ట్రిప్ అయితే, పార్సిల్ తెచ్చుకుని చెట్టు కింద దాని పక్కన కూర్చుని తినండి.

ఒకవేళ ఎండదెబ్బ తగిలితే ఏం చేయాలో ఇప్పుడే గుర్తుపెట్టుకోండి, అప్పుడు గూగుల్ చేసే టైమ్ ఉండదు. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రి. నీడలోకి తీసుకెళ్లండి. మామూలు చల్లటి నీళ్లు ఒళ్లంతా పోయండి, పొట్ట, చంకలు, పాదాలు బాగా తడవాలి. గాలి తగిలేలా విసరండి. తడిగుడ్డ కప్పి వదిలేయొద్దు, అది వేడిని లోపలే ఆపేస్తుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, తనంతట తాను తాగితే సరే. కాస్త కోలుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కి చూపించాల్సిందే, లోపలి దెబ్బ కొన్ని గంటల తర్వాత బయటపడొచ్చు. 1962 నంబర్ సేవ్ చేసుకోండి, అది సంచార పశువైద్య సేవ నంబర్. ఎక్కువగా పశువుల కోసమే గానీ, దగ్గర్లో డాక్టర్ ఎక్కడున్నారో అడగడానికైనా పనికొస్తుంది. ట్రిప్‌కి ముందే దారిలో ఉన్న పశువుల ఆసుపత్రులు మ్యాప్‌లో గుర్తుపెట్టుకుంటే ఇంకా మంచిది.

ఆ రోజు డాక్టర్ "ఇవాళ ఇంకెక్కడికీ వద్దు" అన్నారు. ట్రిప్ కంభంలోనే ఆగిపోయింది. సాయంత్రం చల్లబడ్డాక ఇంటికొచ్చేశాం. అమ్మ శ్రీశైలం మాట ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది, కంభంలో ఆగకపోయినా మా ప్లాన్‌లో ఇంకో పెద్ద తప్పు ఉంది. శ్రీశైలం. దోర్నాల దాటాక రోడ్డంతా నల్లమల అడవిలోంచే. అది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, దేశంలోనే పెద్దది. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ దారి మూసేస్తారు. గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే దారిలో కూడా నల్లమల ఘాట్ వస్తుంది. ఈ అడవిలో కుక్కని కిందకి దించడం అంటే రెండు రకాల ప్రమాదం.

ఒకటి కుక్కకి. చిరుతపులికి కుక్క అంటే ఇష్టమైన ఆహారం. ఊళ్లోకొచ్చి మరీ కుక్కల్ని ఎత్తుకుపోతుంది. అడవిలో మన కుక్క ఒక్కసారి తాడు వదిలించుకుని కుందేలు వెనకో నెమలి వెనకో పరిగెత్తిందంటే, ఇంక వెతకడానికి కూడా మనం లోపలికి వెళ్లకూడదు.

రెండోది అడవికి. దీని గురించి చాలామందికి తెలియదు. కుక్కలకి డిస్టెంపర్ అని ఒక వైరస్ జబ్బు వస్తుంది. అది పులులకీ సింహాలకీ కూడా సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో ఈ జబ్బుకి వెయ్యి దాకా సింహాలు చనిపోయాయి, అక్కడున్నవాటిలో మూడో వంతు. 2018లో మన గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు వరసగా చనిపోతే, పరీక్షల్లో ఇదే వైరస్ బయటపడింది. మన కుక్క ఆరోగ్యంగానే కనిపించొచ్చు. కానీ రోడ్డు పక్కన దించిన రెండు నిమిషాల్లో అది వదిలేసి వచ్చేది ఏంటో మనకి తెలియదు. అందుకని అడవి దారిలో కుక్కతో వెళ్లాల్సిన అవసరమే వస్తే ఎక్కడా ఆపొద్దు, దించొద్దు. అసలు వెళ్లకపోతే ఇంకా మంచిది.

మరి అడవిలో చెంచులు కుక్కల్ని పెంచుతారు కదా అంటారు. వాళ్లది అక్కడి బతుకు, మనది రెండు రోజుల సరదా. ఇక మా అమ్మమ్మ చెప్పిన మాట ఒకటి. "మీరు కొత్తగా కనిపెట్టినట్టు చెప్తారేంట్రా, లంబాడోళ్లు ఎప్పుడో కుక్కలతో ఊళ్లు తిరిగారు" అంది. నిజమే. యర్రగొండపాలెం, దోర్నాల వైపు ఇవాళ మనం చూసే తండాల పూర్వీకులు ఒకప్పుడు వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కన్ అంతా తిరిగారు. రాత్రి బిడారు దిగిన చోట కాపలా కుక్కలదే. కారవాన్ అంటే అసలు బిడారే. కాకపోతే ఆ బిడారు ఎద్దుల నడకతో నడిచింది. ఇప్పటికీ మన గొర్రెల కాపరుల్ని చూడండి. పొద్దున్నే మందని తోలతారు, ఎండెక్కితే చెట్టు కింద ఆపుతారు, కుక్క కూడా అక్కడే పడుకుంటుంది. జంతువు ఆగిన చోట మనిషి ఆగుతాడు. మేం చేసింది దానికి తిరగేసి. మా హోటల్, మా రీల్, మా టైమ్. పలకని మాత్రం సామానులా లోపల పడేశాం.

ఇప్పుడు రెండో ట్రిప్ చెప్తా. మొన్న డిసెంబర్‌లో వెళ్లాం. ఈసారి ప్లాన్ ఎలా వేశామంటే, ముందు పలక టైమ్‌టేబుల్ రాసి, దాని చుట్టూ మా టైమ్ పెట్టుకున్నాం.

నెల ముందు నుంచి ట్రైనింగ్. మొదటి వారం ఆగి ఉన్న వ్యాన్‌లోనే అన్నం పెట్టా. రెండో వారం ఇంజన్ ఆన్ చేసి, కదలకుండా. మూడో వారం మా వీధి చుట్టూ, తర్వాత ఊరి చివరిదాకా. మొదటి రెండు సార్లు కక్కింది. చాలా కుక్కలకి అలాగే అవుతుంది, మెల్లగా అలవాటు పడతాయి. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టకపోతే చాలావరకు తగ్గుతుంది. నీళ్లు మాత్రం ఆపొద్దు.

టీకాలు చూసుకున్నాం. రేబిస్, డిస్టెంపర్, పార్వో టీకాల కార్డు ఒరిజినల్ బండిలో, ఫోటో ఫోన్‌లో. కార్డు ఎవరూ అడగకపోవచ్చు. కానీ కొత్త ఊళ్లో మన కుక్క ఎవరినైనా పంటితో గీరిందంటే అప్పుడు తెలుస్తుంది దాని విలువ. అలాగే, ట్రిప్‌లో మిమ్మల్ని ఏ కుక్క కరిచినా, గీరినా, సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు టీకా వేయించుకోండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

బండిలో కట్టే పద్ధతి. మెడ బెల్టుకి తాడు కట్టి సీటుకి బిగించొద్దు, సడన్ బ్రేక్ వేస్తే మెడ విరుగుతుంది. ఛాతీ చుట్టూ వచ్చే హార్నెస్ కొని, దాన్ని సీటు బెల్టుకి తగిలించండి. ఒళ్లో కూర్చోబెట్టుకుని డ్రైవ్ చేసే వీడియోలు లైకుల కోసం బాగుంటాయి, రోడ్డు మీద కాదు. మెడలో మాత్రం మీ ఫోన్ నంబర్ చెక్కిన బిళ్ల ఉండాలి.

నీళ్లు. పదిహేను కిలోల కుక్కకి రోజుకి లీటరు దాకా కావాలి, వేడిలో ఇంకా ఎక్కువ. మేం దానికంటూ ఐదు లీటర్ల క్యాన్ విడిగా పెట్టాం. పచ్చగా పాచి తేలే నీళ్లు తాగనివ్వొద్దు, కొన్ని రకాల పాచి కుక్కలకి విషం. తిండి ఇంట్లో తినేదే. బిరియాని మిగిలిందని పెట్టొద్దు. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కలకి పడవు. ఉడికిన ఎముకలు విరిగి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

పాదాలు. రోడ్డు మీద మీ చెయ్యి వెనకవైపు ఏడు సెకన్లు ఆనించి చూడండి. ఉంచలేకపోతే అది దానికీ కాలుతుంది. మన వైపు ఇంకో శత్రువు పల్లేరుగాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. నడిచిన ప్రతిసారీ వేళ్ల మధ్య చూడాలి. మేం రెండు రోజుల్లో పదకొండు ముళ్లు తీశాం. చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం కూడా వెతకండి. పిడుదు జ్వరం మామూలు జ్వరం కాదు, రక్తం తగ్గిపోయి చనిపోయే కుక్కలున్నాయి.

రాత్రి బస. ఊరి మధ్యలో ఆపితే వీధి కుక్కలన్నీ వచ్చేస్తాయి. అది వాటి ఏరియా, తప్పు మనదే. గొర్రెల మంద దగ్గర్లో కూడా ఆపొద్దు. మేం ఊరి బయట తెలిసినవాళ్ల తోటలో అడిగి ఆపుకున్నాం. రాత్రి ఇంజన్ ఆన్‌లో పెట్టి, లేదా లోపల స్టవ్వు వెలిగించి తలుపులు మూసుకుని పడుకోవద్దు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనుషుల్నీ కుక్కనీ నిద్రలోనే తీసుకుపోతుంది. బండి అద్దెకి తీసుకునేవాళ్లు కుక్క వస్తోందని ముందే చెప్పండి. సీట్ల మీద వెంట్రుకలు కనిపించాక గొడవ పడేకంటే అది నయం.

పొద్దున ఆరింటికి బయల్దేరాం. కంభం చెరువు కట్ట మీద ఏడున్నరకి పలక నడిచింది, తాడుతోనే. తొమ్మిదిన్నరకల్లా తోటలో నీడకి వచ్చేశాం. సాయంత్రం నాలుగు దాకా కదల్లేదు. రీల్స్‌కి పెద్దగా ఏమీ దొరకలేదు. గిద్దలూరు దాకా కూడా పోలేదు. మొత్తం కలిపి అరవై డెబ్బై కిలోమీటర్లు తిరిగామేమో.

ఆ ముసలామె కోసం వెతికాం. దొరికింది. పలకని చూసి "బతికిందా" అంది, అంతే. పలక ఆమె కాళ్ల దగ్గర వాసన చూసి తోక ఊపింది. గుర్తుపట్టిందో లేదో నాకు తెలియదు.

శ్రీశైలం సంగతి? జనవరిలో అమ్మని తీసుకెళ్లా. పలకని పిన్ని వాళ్లింట్లో వదిలాం. బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నిలబడి చూసింది, నాకు మనసొప్పలేదు. దోర్నాల దాకా అమ్మతో మాట్లాడలేదు. సాయంత్రం పిన్ని వీడియో కాల్ చేసింది. వాళ్ల అరుగు మీద, నీడలో, కాళ్లు చాపుకుని పలక నిద్రపోతోంది. పిలిచినా లేవలేదు.

కాబట్టి ట్రిప్‌కి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దాని కోసం ఈ ట్రిప్ సగానికి తగ్గించగలనా? తగ్గించగలిగితే తీసుకెళ్లండి, చాలా బాగుంటుంది. తగ్గించలేకపోతే, ఈసారికి ఇంట్లో వదిలేయండి. అది కూడా ప్రేమే. ఉంటాను మరి, పలకకి నడక టైమ్ అయింది.